ఒక ఛానల్ మూగబోయిన యాంప్లిఫయర్: లోపాన్ని వరుసక్రమంలో పట్టుకోవడం ఎలా?

స్టీరియో యాంప్లిఫయర్‌లో ఒక వైపు శబ్దం ఆగిపోయి, రెండో వైపు మామూలుగా వినిపిస్తూ ఉంటే, మరమ్మతు చేసేవారికి అది ఒక విధంగా అనుకూలమైన పరిస్థితే. రెండు ఛానళ్ల సర్క్యూటు సాధారణంగా ఒకే తీరుగా ఉంటుంది కాబట్టి, పనిచేస్తున్న వైపు ఒక చోట ఎంత వోల్టేజీ ఉందో కొలిస్తే, పనిచేయని వైపు అదే చోట ఎంత ఉండాలో తెలిసిపోతుంది. సర్క్యూటు పటం చేతిలో లేకపోయినా పని ముందుకు సాగడానికి ఈ పోలికే ఆధారం.

పాఠకులు ఎక్కువగా అడిగే ప్రశ్న “ఏ ట్రాన్సిస్టర్ మార్చాలి?” అన్నది. అది చివర రావలసిన ప్రశ్న. లోపం ఏ భాగంలో ఉందో తేలకముందే విడిభాగాలు మార్చడం మొదలుపెడితే, ఉన్న లోపానికి చేతులారా తెచ్చుకున్న కొత్త లోపాలు తోడవుతాయి. పైగా ఒక ఛానల్ మూగబోవడానికి కారణం చాలాసార్లు ట్రాన్సిస్టర్ కానే కాదు. స్విచ్చో, రిలేయో (స్పీకర్‌ను కలిపే, విడదీసే విద్యుత్ స్విచ్చు), జాక్ వెనుక వదులైన సోల్డరో అయి ఉంటుంది.

ఇక్కడ చెప్పే పద్ధతి, ట్రాన్స్‌ఫార్మర్ సరఫరాతో, ట్రాన్సిస్టర్లతో గాని ఐసీలతో గాని పనిచేసే యాంప్లిఫయర్లకు ఉద్దేశించినది. వాల్వు (గాజు గొట్టాల) యాంప్లిఫయర్ల లోపల కొన్ని వందల వోల్టులు ఉంటాయి. స్విచ్చింగ్ సరఫరా (పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బదులు ఎలక్ట్రానిక్ సరఫరా) ఉన్నవాటిలో, 230 వోల్టుల కరెంటు వచ్చే చోట, ప్రైమరీ వైపు కెపాసిటర్ మీద 320 వోల్టుల దాకా డీసీ నిలిచి ఉంటుంది. అలాంటివాటి మీద పనిచేసిన అనుభవం లేనివారు ఆ రెండు రకాలనూ తెరవకపోవడమే మంచిది.

1. మూత తీయకముందు చేయవలసిన పరీక్షలు

లోపం యాంప్లిఫయర్‌లోనే ఉందని ముందుగా నిర్ధారించుకోవాలి. తీగలు మార్చే ప్రతిసారీ యాంప్లిఫయర్‌ను ఆపి, వాల్యూమ్‌ను పూర్తిగా తగ్గించి మాత్రమే మార్చండి.

మొదట ఇన్‌పుట్ తీగలను అటు ఇటు మార్చండి. ఎడమ వైపు మూగగా ఉందనుకుందాం. ఎడమ, కుడి ఆర్‌సీఏ తీగలను యాంప్లిఫయర్ వెనుక భాగంలో తారుమారు చేసినప్పుడు నిశ్శబ్దం కుడి వైపుకు మారితే, లోపం పాట వచ్చే పరికరంలోనో తీగలోనో ఉంది. నిశ్శబ్దం ఎడమ వైపే ఉండిపోతే, లోపం యాంప్లిఫయర్‌లోనో స్పీకర్‌లోనో ఉంది. ఆ తరువాత వేరే ఇన్‌పుట్‌కు కూడా మార్చి చూడండి. ఒక్క ఇన్‌పుట్‌లో మాత్రమే ఒక వైపు రాకపోతే, ఆ జాక్ లేదా ఇన్‌పుట్ ఎంపిక స్విచ్చు దగ్గరే వెతకాలి.

స్పీకర్లను తారుమారు చేసేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం. పాడైన ఛానల్ అవుట్‌పుట్‌లో డీసీ వోల్టేజీ ఉంటే, దానికి తగిలించిన మంచి స్పీకర్ కాయిల్ కాసేపట్లోనే కాలిపోవచ్చు. అందుకని అనుమానం ఉన్న స్పీకర్‌ను మంచి ఛానల్‌కు తగిలించండి. మంచి స్పీకర్‌ను అనుమానం ఉన్న ఛానల్‌కు తగిలించకండి. అనుమానం ఉన్న స్పీకర్‌ను తగిలించే ముందు దాని నిరోధాన్ని మీటర్‌తో కొలవాలి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్‌లో సాధారణంగా 5.5 నుంచి 7.5 ఓమ్‌ల మధ్య చూపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉంటే అది షార్ట్ అయిందని అర్థం. దాన్ని ఏ ఛానల్‌కూ తగిలించకూడదు.

హెడ్‌ఫోన్ జాక్ ఉంటే అది మంచి ఆధారం. చాలా యాంప్లిఫయర్లలో ఆ జాక్‌కు పవర్ దశ (స్పీకర్‌ను నడిపే చివరి భాగం) అవుట్‌పుట్ నుంచే రెసిస్టర్ల మీదుగా సిగ్నల్ వస్తుంది. హెడ్‌ఫోన్‌లో రెండు వైపులా చక్కగా వినిపించి, స్పీకర్‌లో మాత్రం ఒక వైపు రాకపోతే, పవర్ దశ బాగానే ఉందనీ, రిలే, స్పీకర్ స్విచ్చు, టెర్మినల్, వీటిలో ఒకటి తెగిందనీ దాదాపు తేల్చుకోవచ్చు. ఈ పరీక్షకు హెడ్‌ఫోన్ కూడా పాతదే వాడండి.

మూత తీయకముందు సరిచూసుకోవలసినవి:

- బ్యాలన్స్ నాబ్ మధ్యలో ఉందా?
- టేప్ మానిటర్ స్విచ్చు నొక్కి ఉండిపోయిందా?
- స్పీకర్ ఏ, బీ ఎంపిక సరైన చోట ఉందా?
- వెనుక ప్రీ అవుట్, మెయిన్ ఇన్ జాక్‌లను కలిపే లోహపు జంపర్లు రెండూ గట్టిగా కూర్చున్నాయా?
- ప్రతి స్విచ్చునూ, నాబ్‌నూ పలుమార్లు కదిపినప్పుడు మూగ ఛానల్ ఒక్క క్షణమైనా పలికిందా?

చివరి ప్రశ్నకు సమాధానం అవును అయితే, లోపం ఎక్కడ ఉందో సగం తెలిసినట్టే. ఏది కదిపినప్పుడు పలికిందో రాసిపెట్టుకోండి.

2. కావలసిన పనిముట్లు

- డయోడ్ పరీక్ష ఉన్న డిజిటల్ మల్టీమీటర్. ఏసీ మిల్లీవోల్టులు కూడా చూపించగలిగితే మరీ మంచిది
- సీరీస్ లాంప్: కరెంటు తీగలో వరుసగా కలిపిన 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు
- సోల్డరింగ్ ఐరన్, సోల్డర్, ఫ్లక్స్, పాత సోల్డర్ తీసే పంపు లేదా రాగి అల్లిక
- కెపాసిటర్లను ఖాళీ చేయడానికి 470 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్. దాని రెండు కాళ్లకూ ఇన్సులేషన్ ఉన్న తీగలు
- పోయినా ఫర్వాలేదనుకునే పాత స్పీకర్
- భూతద్దం, మంచి వెలుతురు
- కాంటాక్ట్ క్లీనర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- 400 హెర్ట్జ్‌ల నిలకడ శబ్దం పలికించగల ఫోన్

సాధారణంగా 1000 హెర్ట్జ్‌ల శబ్దం వాడతారు. కానీ చాలా మీటర్లు 400 హెర్ట్జ్‌లు దాటిన ఏసీని సరిగా కొలవలేవు కాబట్టి ఇక్కడ 400 మేలు.

సీరీస్ లాంప్‌ను ఎవరూ వదిలేయకూడదు. లోపల షార్ట్ ఉన్న యాంప్లిఫయర్‌ను నేరుగా కరెంటుకు పెడితే, కొత్తగా వేసిన ట్రాన్సిస్టర్లు కూడా కళ్ల ముందే పోతాయి. సీరీస్ లాంప్ ద్వారా ఇస్తే, ఆ కరెంటును బల్బు అడ్డుకుంటుంది. ఆన్ చేయగానే బల్బు ఒకసారి వెలిగి, వెంటనే మసకబారితే మంచి గుర్తు. కాంతి తగ్గకుండా వెలుగుతూనే ఉంటే షార్ట్ ఉంది, వెంటనే ఆపేయండి. ఎల్ఈడీ బల్బు ఈ పనికి రాదు, ఎందుకంటే కరెంటుతో పాటు నిరోధం పెరిగే గుణం ఫిలమెంట్‌కే ఉంది.

3. తెరిచే ముందు, తెరిచిన వెంటనే

ప్లగ్ తీసి పక్కన పెట్టండి. స్విచ్చు ఆపితే సరిపోతుందనుకోవద్దు. మూత తీశాక, ఏ తీగనూ కదపకముందే, అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఏ కనెక్టర్ ఎటు తిరిగి ఉందో, ఏ స్క్రూ కింద ఏ వాషర్ ఉందో తరువాత గుర్తుండదు.

పెద్ద ఫిల్టర్ కెపాసిటర్ల మీద వోల్టేజీని డీసీలో కొలవండి. ఇంట్లో వాడే యాంప్లిఫయర్లలో ఒక్కో రెయిల్ (ప్లస్ లేదా మైనస్ సరఫరా తీగ) మామూలుగా 25 నుంచి 60 వోల్టుల వరకు ఉంటుంది. 470 ఓమ్‌ల రెసిస్టర్‌ను ప్రతి కెపాసిటర్ కాళ్లకూ ఆనించి, కొన్ని సెకన్ల తరువాత మళ్లీ కొలిచి, 1 వోల్టు కన్నా తగ్గిందని చూశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసే అలవాటు కొందరికి ఉంది. అది కెపాసిటర్‌ను, బోర్డు మీది రాగి దారిని, ఒక్కోసారి కంటిని కూడా దెబ్బతీస్తుంది.

4. కంటితో చూసి పట్టుకోగల లోపాలు

మీటర్ పట్టుకునే ముందు తీరిగ్గా చూడండి. నల్లబడిన రెసిస్టర్, పైభాగం ఉబ్బిన కెపాసిటర్, పగిలిన ట్రాన్సిస్టర్, రంగు మారిన బోర్డు వంటివి వెంటనే కనబడతాయి.

కంటికి సులభంగా ఆనని లోపం డ్రై సోల్డర్, అంటే పైకి అతుక్కున్నట్టు ఉన్నా పిన్ను దగ్గర తెగిన సోల్డర్. బోర్డు అడుగు భాగాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, భూతద్దంతో ఒక్కో పిన్నును చూడాలి. బాగున్న సోల్డర్ పిన్ను చుట్టూ నునుపుగా వాలి, మెరుస్తూ ఉంటుంది. తెగిన చోట పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లని వలయం కనిపిస్తుంది. ఇన్‌పుట్ జాక్‌లు, వాల్యూమ్ నియంత్రణ, హెడ్‌ఫోన్ జాక్, రిలే, హీట్‌సింక్‌కు బిగించిన ట్రాన్సిస్టర్లు, వేడెక్కే పెద్ద రెసిస్టర్లు ఇలా తెగడానికి అనువైన చోట్లు. తరచూ లాగడం, తిప్పడం, వేడెక్కి చల్లారడం వల్ల అక్కడి సోల్డర్ అలసిపోతుంది. పాత సోల్డర్ తీసేసి, ఫ్లక్స్ రాసి, కొత్త సోల్డర్ పెట్టండి. పాతదాని మీదే ఇంకొంచెం వేస్తే లోపల పగులు అలాగే మిగిలిపోవచ్చు.

5. ఫ్యూజులు, సరఫరా, అవుట్‌పుట్ డీసీ

ప్లగ్ తీసి ఉండగానే ప్రతి ఫ్యూజునూ మీటర్‌తో పరీక్షించండి. గాజు లోపల తీగ కనబడుతున్నా, మూత దగ్గర తెగి ఉండవచ్చు. కొన్ని యాంప్లిఫయర్లలో ప్రతి ఛానల్‌కూ వేరు వేరుగా ప్లస్, మైనస్ రెయిల్ ఫ్యూజులు ఉంటాయి. ఫ్యూజు పోయిందంటే దాని వెనుక కారణం ఉంటుంది. కారణం వెతకకుండా కొత్తది వేయకూడదు. ఎక్కువ ఆంపియర్లది గాని, తీగ చుట్టి గాని వేస్తే, ఫ్యూజుతో పోవలసిన నష్టం ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళుతుంది.

ఇప్పుడు స్పీకర్లు రెండూ తీసేసి, సీరీస్ లాంప్ ద్వారా కరెంటు ఇవ్వండి. నల్ల ప్రోబ్‌ను గ్రౌండ్‌కు క్లిప్పుతో బిగించి, ఒకే చేతితో కొలవండి. ప్రోబ్ మొన రెండు మిల్లీమీటర్లు మాత్రమే బయటకు ఉండేలా స్లీవ్ తొడగడం మంచిది. ఒక్కసారి జారి ట్రాన్సిస్టర్ కాళ్లు రెండు కలిస్తే, బాగున్న ఛానల్ కూడా పోతుంది.

ముందుగా ప్లస్, మైనస్ రెయిల్‌లు గ్రౌండ్ నుంచి దాదాపు సమానంగా ఉన్నాయో లేదో చూడండి. తరువాత రెండు ఛానళ్ల అవుట్‌పుట్ డీసీని రిలేకు ముందు వైపున కొలవండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల పెద్ద ఎమిటర్ రెసిస్టర్లు కలిసే చోటు అదే.

- 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే పవర్ దశ డీసీ పరంగా బాగుంది. 6వ భాగానికి వెళ్లండి.
- 100 మిల్లీవోల్టులు దాటితే మంచి ఛానల్‌తో పోల్చి, కారణం వెతకాలి.
- కొన్ని వోల్టులు, లేదా రెయిల్ వోల్టేజీకి దగ్గరగా ఉంటే 8వ భాగానికి వెళ్లండి. ఆ ఛానల్‌కు స్పీకర్ తగిలించవద్దు.

ఒకే రెయిల్‌తో పనిచేసే పాత నమూనాలలో స్పీకర్‌కు ముందు ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. వాటిలో ఆ కెపాసిటర్‌కు లోపలి వైపు సరఫరాలో సగం వోల్టేజీ ఉండడమే సరైన స్థితి. మిగతా కొలతలన్నీ బాగుండి శబ్దం మాత్రం రాకపోతే ఆ కెపాసిటర్‌నే మొదట అనుమానించాలి.

6. సిగ్నల్ ఎక్కడ ఆగిపోయిందో కనుక్కోవడం

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక పెట్టవలసిన భాగం ఇది. ఫలితం ఇచ్చేది కూడా ఇదే. రెండు ఇన్‌పుట్‌లకూ ఒకే 400 హెర్ట్జ్‌ల శబ్దాన్ని ఇచ్చి, సిగ్నల్ దారిని మధ్యలో ఒక చోట కొలవాలి. అక్కడ సిగ్నల్ ఉంటే లోపం ఆ తరువాతి సగంలో, లేకపోతే ముందరి సగంలో ఉంది. మిగిలిన సగాన్ని మళ్లీ రెండుగా విడదీయండి. మొదటి నుంచి చివరి వరకు ప్రతి భాగాన్నీ కొలుచుకుంటూ వెళ్లడం కన్నా ఇది ఎంతో వేగం.

మధ్య బిందువుగా వాల్యూమ్ నియంత్రణ బాగా పనికొస్తుంది. దాని మధ్య పిన్ను వద్ద రెండు ఛానళ్లలోనూ ఏసీ వోల్టేజీని చూడండి. ఉదాహరణకు రెండు వైపులా 40 మిల్లీవోల్టులు కనిపించాయనుకుందాం. అంటే జాక్, ఎంపిక స్విచ్చు, వాల్యూమ్ నియంత్రణ, మూడూ నిర్దోషులు. తరువాత పవర్ దశ ఇన్‌పుట్ వద్ద ఉన్న కప్లింగ్ కెపాసిటర్‌కు (డీసీని ఆపి సిగ్నల్‌ను మాత్రమే పంపేది) వెళ్లండి. మంచి వైపు కెపాసిటర్‌కు ముందూ వెనుకా దాదాపు ఒకే విలువ ఉండి, మూగ వైపు ముందు 40, వెనుక 2 మాత్రమే ఉంటే, ఆ కెపాసిటర్ ఓపెన్ అయి (లోపల తెగి) ఉండాలి, లేదా దాని తరువాత ఏదో సిగ్నల్‌ను గ్రౌండ్‌లోకి లాగేస్తూ ఉండాలి. పవర్ దశ సిగ్నల్‌ను సాధారణంగా 20 నుంచి 30 రెట్లు పెంచుతుంది కాబట్టి, 40 మిల్లీవోల్టులు లోపలికి వెళితే బయటకు సుమారు ఒక వోల్టు రావాలి.

మీటర్‌లో ఏసీ అతి తక్కువ శ్రేణి 200 వోల్టులే అయితే ఇంత చిన్న సిగ్నల్‌ను అది చూపించలేదు. అప్పుడు వినే ప్రోబ్ తయారుచేసుకోండి. 100 వోల్టులకు తగ్గని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ వరుసగా కలిపి, బ్యాటరీతో నడిచే చిన్న స్పీకర్ ఇన్‌పుట్‌కు ఇవ్వండి. దాని గ్రౌండ్‌ను యాంప్లిఫయర్ గ్రౌండ్‌కు బిగించండి. అనుమానం ఉన్న చోట్ల ఆ కెపాసిటర్ కొనను ఆనిస్తూ వెళితే, శబ్దం ఎక్కడ ఆగిపోయిందో చెవికే తెలుస్తుంది. రెయిల్ వోల్టేజీ ఉన్న కాళ్లకు మాత్రం దాన్ని తగలనివ్వకండి.

ఈ దారిలో ఎదురయ్యే ఆప్‌ఆంప్‌ల (సిగ్నల్‌ను పెంచే చిన్న ఐసీల) సంగతి తేలిక. 4558, 5532, టీఎల్072 వంటి 8 కాళ్ల ఐసీలలో 8వ కాలు ప్లస్ సరఫరా, 4వ కాలు మైనస్, 1, 7 కాళ్లు అవుట్‌పుట్‌లు. ప్లస్, మైనస్ సరఫరా ఉన్నప్పుడు అవుట్‌పుట్ డీసీ సున్నాకు దగ్గరగా ఉండాలి. ఒక సగం బాగుండి, రెండో సగం సరఫరా వోల్టేజీకి అతుక్కుపోయి ఉంటే ఐసీ మార్చండి.

7. మ్యూట్ ట్రాన్సిస్టర్, స్విచ్చులు, రిలే

ఆన్ చేసేటప్పుడు టప్‌మనే చప్పుడు రాకుండా చాలా పరికరాలలో సిగ్నల్ తీగకూ గ్రౌండ్‌కూ మధ్య ఒక చిన్న మ్యూట్ ట్రాన్సిస్టర్ ఉంటుంది. అది లీక్ అయితే సిగ్నల్ మొత్తం గ్రౌండ్‌లోకి పోయి, ఛానల్ పూర్తిగా చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. కరెంటు ఆపి, సిగ్నల్ తీగకు కలిసే కాలు ఒక్కటి పైకి లేపి, మళ్లీ ఆన్ చేయండి. శబ్దం తిరిగివస్తే దోషం ఆ ట్రాన్సిస్టర్‌దో, దాన్ని నడిపే వోల్టేజీదో అవుతుంది.

స్విచ్చులలో, వాల్యూమ్ నియంత్రణలో కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా కొట్టి, ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవై ముప్పై సార్లు కదపండి. కిరోసిన్, తుప్పు వదిలించే నూనెలు వాడకండి. అవి దుమ్మును పట్టుకుని, కొన్నాళ్లకు మొదటికన్నా అధ్వానం చేస్తాయి.

రిలే విషయంలో లక్షణమే చాలావరకు చెప్పేస్తుంది. తక్కువ శబ్దంలో ఛానల్ మూగగా ఉండి, వాల్యూమ్ పెంచగానే ఒక్కసారిగా పలికితే, రిలే కాంటాక్ట్‌లు నల్లబడ్డాయని గట్టిగా అనుమానించవచ్చు. రిలేకు ముందు సిగ్నల్ ఉండి, వెనుక లేకపోతే నిర్ధారణ అయినట్టే. మూత తీయగలిగిన రిలే అయితే, ఆల్కహాల్‌లో తడిపిన గట్టి కాగితపు ముక్కను కాంటాక్ట్‌ల మధ్య పెట్టి మెల్లగా లాగండి. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి త్వరలోనే మళ్లీ నల్లబడుతుంది. అదే కాయిల్ వోల్టేజీ, అదే కాంటాక్ట్ సామర్థ్యం, అదే కాళ్ల అమరిక ఉన్న కొత్త రిలే వేయడమే నిలిచే పరిష్కారం.

8. పవర్ దశలో డీసీ ఉన్నప్పుడు

కరెంటు ఆపి, కెపాసిటర్లు ఖాళీ చేసి, మీటర్‌ను డయోడ్ పరీక్షకు మార్చండి. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ల కలెక్టర్, ఎమిటర్ మధ్య రెండు దిశలలోనూ కొలిచి, మంచి ఛానల్‌తో పోల్చండి. సున్నాకు దగ్గరగా చూపిస్తే షార్ట్ అయింది. ఖాయం చేసుకోవడానికి దాన్ని బోర్డు నుంచి తీసి, బేస్ నుంచి ఎమిటర్‌కూ, బేస్ నుంచి కలెక్టర్‌కూ 0.5 నుంచి 0.7 వోల్టులు ఒకే దిశలో వస్తున్నాయో లేదో చూడాలి.

ట్రాన్సిస్టర్ షార్ట్ అయినప్పుడు అది ఒంటరిగా పోవడం అరుదు. 0.22 నుంచి 0.47 ఓమ్‌ల ఎమిటర్ రెసిస్టర్లు, బేస్ రెసిస్టర్లు, డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, హీట్‌సింక్‌ను ఆనుకుని ఉండే బయస్ ట్రాన్సిస్టర్ (సిగ్నల్ లేనప్పుడు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో పారే కొద్దిపాటి కరెంటును, అంటే బయస్‌ను, నిర్ణయించేది), వీటన్నిటినీ ఒక్కొక్కటిగా పరీక్షించండి. పైకి మచ్చ కూడా లేని రెసిస్టర్ లోపల తెగి ఉండవచ్చు. అవుట్‌పుట్ జతలో ఒకటే పోయినా రెండూ మార్చండి.

అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు బాగుండి, డీసీ మాత్రం రెయిల్‌కు అతుక్కుని ఉంటే, ముందు ఆ ఛానల్ రెయిల్ ఫ్యూజులను మళ్లీ చూడండి. ఒక రెయిల్ తెగితే అవుట్‌పుట్ రెండో రెయిల్ వైపు ఒరిగిపోతుంది. అవీ బాగుంటే ఇన్‌పుట్ డిఫరెన్షియల్ జత (సిగ్నల్‌ను మొదట అందుకునే రెండు ట్రాన్సిస్టర్లు), ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌ను తిరిగి ఇన్‌పుట్ దశకు కలిపేది), వోల్టేజీని పెంచే ట్రాన్సిస్టర్, ఈ వరుసలో వెళ్లండి. పనిచేస్తున్న ట్రాన్సిస్టర్‌లో బేస్, ఎమిటర్ మధ్య సుమారు 0.6 వోల్టులు ఉంటాయి. 1 వోల్టు దాటి కనిపిస్తే అది ఓపెన్ అయినట్టే.

కొత్తవి కొనేటప్పుడు నకిలీలతో జాగ్రత్త. 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 వంటి పేరున్న జతలకు నకిలీలు విస్తారంగా ఉన్నాయి. నమ్మకమైన పంపిణీదారు దగ్గరే కొనండి. బిగించేటప్పుడు మైకా షీటు, హీట్‌సింక్ పేస్టు సరిగా వేసి, కలెక్టర్‌కూ హీట్‌సింక్‌కూ మధ్య షార్ట్ లేదని కరెంటు ఇచ్చే ముందే మీటర్‌తో చూసుకోవాలి.

9. ఐసీతో నడిచే యాంప్లిఫయర్లలో తేడాలు

టీడీఏ2030, టీడీఏ2050 లలో 1వ కాలు ఇన్‌పుట్, 3 మైనస్ సరఫరా, 4 అవుట్‌పుట్, 5 ప్లస్ సరఫరా. వీటి వెనుక లోహపు భాగం 3వ కాలితో కలిసి ఉంటుంది. ప్లస్, మైనస్ సరఫరా ఉన్నచోట మైకా లేకుండా బిగిస్తే మైనస్ రెయిల్ గ్రౌండ్‌కు షార్ట్ అవుతుంది. ఎల్ఎమ్3886 లో 8వ కాలు మ్యూట్‌ది. ఆ కాలి నుంచి మైనస్ రెయిల్ వైపు కనీసం అర మిల్లీ ఆంపియర్ ప్రవహించకపోతే ఐసీ బాగున్నా మౌనంగానే ఉంటుంది. ఆ దారిలో రెసిస్టర్ తెగినందుకు ఐసీనే మార్చేసేవారు ఉన్నారు. ముందు రెసిస్టర్‌ను కొలవండి.

కారు యాంప్లిఫయర్లలోనూ, చాలా క్లాస్ డీ బోర్డులలోనూ స్పీకర్ రెండు తీగలూ యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లే. రెండింటి మీదా గ్రౌండ్ నుంచి సరఫరాలో సగం వోల్టేజీ ఉండడం సహజం. డీసీని ఆ రెండు తీగల మధ్యే కొలవాలి. ఏ ఒక్కదాన్నీ గ్రౌండ్‌కు తగిలించకూడదు.

10. మరమ్మతు తరువాత ఆన్ చేసే వరుస

1. బయస్ సరిచేసే ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న నియంత్రణ) ఉంటే దాన్ని కనిష్ఠానికి తిప్పి, స్పీకర్లు లేకుండా సీరీస్ లాంప్ ద్వారా ఆన్ చేయండి.
2. బల్బు మసకబారిందా, అవుట్‌పుట్ డీసీ 50 మిల్లీవోల్టుల లోపు ఉందా చూడండి.
3. రెండూ సరిగా ఉంటే లాంప్ తీసి, నేరుగా కరెంటు ఇచ్చి, డీసీని మళ్లీ కొలవండి.
4. ఎమిటర్ రెసిస్టర్ మీద వోల్టేజీ చూస్తూ బయస్‌ను మెల్లగా పెంచండి. తయారీదారు విలువ తెలియకపోతే మంచి ఛానల్ విలువతో సమానం చేయండి. 0.22 ఓమ్‌ల రెసిస్టర్ మీద 10 మిల్లీవోల్టులు ఉంటే సుమారు 45 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తున్నట్టు.
5. ఇరవై నిమిషాలు వేడెక్కనిచ్చి బయస్ మళ్లీ చూడండి. విలువ ఆగకుండా పెరుగుతూ ఉంటే ఆపేసి, బయస్ ట్రాన్సిస్టర్ హీట్‌సింక్‌కు సరిగా ఆనిందో లేదో పరీక్షించండి.
6. పాత స్పీకర్‌తో తక్కువ శబ్దంలో గంటసేపు నడిపించండి. మధ్యమధ్యలో రెండు ఛానళ్ల హీట్‌సింక్ వేడిని పోల్చి చూడండి.
7. ఆపి, మూత బిగించి, అవుట్‌పుట్ డీసీని వెనుక టెర్మినళ్ల దగ్గర చివరిసారి కొలిచాకే మీ అసలు స్పీకర్లను తగిలించండి.